కొండ కదిలిందా, కాంక్రీటు ముడుచుకుందా: విజయవాడ కొండవాలుపై షాట్‌క్రీట్ పగుళ్ళ కేస్ స్టడీ

విజయవాడలో కొండను ఆనుకుని బతికేవారికి వాలు మీద ఏ బీట కనిపించినా గుండె గుభేలుమంటుంది. 2020 అక్టోబరు 21న, దసరా ఉత్సవాలు సాగుతుండగానే, ఇంద్రకీలాద్రి పైనుంచి రాళ్ళు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో వానకు నానిన కొండచరియ ఇళ్ళ మీదికి జారి ప్రాణాలు తీసింది. ఆ భయంతోనే నగరంలో ఒక కాలనీవారు డబ్బు పోగుచేసుకుని తమ ఇళ్ళ వెనక కొండవాలుకు 2025 వేసవిలో షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో కాంక్రీటును వాలుకు కొట్టి పొరగా అంటించడం) చేయించుకున్నారు. మొదటి భాగం కొట్టిన మర్నాటికే గోడ నిండా పగుళ్ళు తేలాయి. ఆ పగుళ్ళేమిటో తేల్చమని కాలనీ సంఘం నన్ను పిలిచింది. సంఘం పేరు, పని చేసిన సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. పగుళ్ళను ఎలా చదివామో, మిగిలిన పనిని ఎలా మార్చామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి అక్కడ మూడు వాదాలు నడుస్తున్నాయి. సిమెంటు మంచిది కాదని కొందరు, నీళ్ళు ఎక్కువ కలిపారని కొందరు. కొండ అంచున ఇల్లున్న ఒక పెద్దావిడ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "బాబూ, సిమెంటు సంగతి మీరు మీరు చూసుకోండి. కొండ కదులుతోందా లేదా, అది ఒక్కటి చెప్పండి. కదులుతుంటే ఇవాళే పిల్లల్ని తీసుకుని మా అమ్మాయి ఇంటికి వెళ్ళిపోతాను" అన్నారు. పరిశోధన మొత్తాన్ని ఆ ప్రశ్న చుట్టూనే అమర్చుకున్నాను. పగులుకు కారణం కాంక్రీటు అయితే అది మరమ్మతు వ్యవహారం. కారణం కొండ అయితే అది ప్రాణాల వ్యవహారం. ముందు తేలాల్సింది అదే.

స్థలం, పని

వాలు ఎత్తు సుమారు 14 మీటర్లు, ఏటవాలు 70 డిగ్రీల దాకా ఉంటుంది, ముఖం పడమటికి. రాయి ఖొండలైట్, తూర్పు కనుమల్లో విరివిగా కనిపించే రకం. పొరలు పొరలుగా ఉంటుంది, ఎర్రటి గార్నెట్ గింజలు మెరుస్తుంటాయి. దీనిలోని ఫెల్డ్‌స్పార్ వానకు, గాలికి శిథిలమై తెల్లటి సుద్దమట్టిలా మారుతుంది. అందువల్ల సుత్తికి లొంగని గట్టి పట్టీ పక్కనే గోటితో గీరితే రాలే పట్టీ ఉంటుంది. మెత్తని పట్టీలు లోపలికి పోయి గుంతలవుతాయి, గట్టివి ముక్కుల్లా పొడుచుకొస్తాయి. ఈ ఎగుడుదిగుడు సంగతి గుర్తుంచుకోవాలి, కథలో సగం దానిదే.

డిజైను మామూలుదే. రెండు మీటర్ల ఎడంతో 25 మి.మీ. రాక్ బోల్టులు (రాతిలోకి దింపే ఉక్కు కడ్డీలు), వెల్డ్ మెష్ (ఇనుప తీగల వల), రెండు పొరల్లో మొత్తం 100 మి.మీ. షాట్‌క్రీట్, నీరు బయటికి రావడానికి గొట్టాలు. తడి పద్ధతి, అంటే రెడీమిక్స్ ప్లాంటులో నీళ్ళతో సహా కలిపి తెచ్చిన కాంక్రీటును పంపు తోయగా, నాజిల్ దగ్గర గాలి, త్వరగా గట్టిపరిచే రసాయనం కలిసి గోడకు కొట్టడం. ఘనపు మీటరుకు 430 కిలోల సిమెంటు, దానిపై ఎనిమిది శాతం సిలికా ఫ్యూమ్ (అతి సన్నని సిలికా పొడి), సుమారు 190 లీటర్ల నీరు, 10 మి.మీ. చిప్స్ (సన్న కంకర), మిగతాదంతా రోబో ఇసుక (రాయిని పిండి చేసిన ఇసుక). కాగితం మీద ఈ మిశ్రమాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. 28 రోజుల క్యూబు బలం కూడా అడిగిన దానికంటే ఎక్కువే వచ్చింది.

ఆ క్యూబు నివేదికను కాంట్రాక్టరు మనిషి ప్రతి సమావేశంలోనూ బల్ల మీద పెట్టేవాడు. క్యూబు అచ్చులో పోసి, తడి గోనె కింద ఉంచి, మర్నాడు నీళ్ళ తొట్టిలో మునిగిన కాంక్రీటు. గోడ మీది కాంక్రీటుకు అచ్చూ లేదు, తొట్టీ లేదు, నాజిల్ నుంచి గాలి దెబ్బ తిని ఎండ రాయికి అంటుకుంది. పగుళ్ళ తగవులో క్యూబు సాక్ష్యం చెల్లదని నా గట్టి అభిప్రాయం. షాట్‌క్రీట్ బలం చూడాలంటే అదే నాజిల్‌తో చెక్క పెట్టెలోకి కొట్టి, ఆ పెట్టెను గోడ పక్కనే అదే ఎండలో ఉంచి, దాని నుంచి కోర్లు (డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్కలు) తీయాలి.

పగుళ్ళను పటం మీదికి ఎక్కించడం

బోల్టులు రెండేసి మీటర్లకు ఉన్నాయి కాబట్టి గోడ మీద గళ్ళు సిద్ధంగానే ఉన్నట్టు. ప్రతి గడికీ ఒక సంఖ్య ఇచ్చి, పరంజా మీద నుంచి ఒక్కొక్క గడినీ నీళ్ళతో తడిపి, ఆరేదాకా చూశాం. పొడి గోడ మీద కంటికి ఆనని పగులు కూడా తడి ఆరే సమయంలో బయటపడుతుంది. చుట్టూ ఉపరితలం తెల్లబడుతుంటే పగులు మాత్రం నల్లటి గీతలా ఇంకాసేపు నిలుస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లోనే సుద్దతో గీత మీద గీత గీయాలి. 0.2 మి.మీ. లోపువి నీలంతో, అంతకు మించినవి ఎర్రసుద్దతో గీశాం. ప్రతి దాని పక్కనా వెడల్పు రాశాం, తర్వాత సుత్తితో తట్టి డొల్ల శబ్దం వచ్చిన చోట చుట్టూ గీత తిప్పాం.

పటం పూర్తయ్యాక దూరంగా నిలబడి చూస్తే అవి ఒక జాతి పగుళ్ళు కావని స్పష్టమైంది. ఎక్కువ భాగం పొట్టివి, జానెడు నుంచి మూరెడు పొడవు, ఒకదానికొకటి ఇంచుమించు సమాంతరంగా, ఏటవాలుగా పోతున్నాయి. పైన 0.4 మి.మీ. దాకా తెరుచుకున్నా లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి, గడి మూల నుంచి మూలకు పోయే ఓపిక వాటికి లేదు. కొట్టిన రోజు సాయంత్రమే వీటిని చూశామని కూలీలు చెప్పారు. ఇవి మధ్యాహ్నం కొట్టిన గళ్ళలో కిక్కిరిసి ఉన్నాయి, పొద్దున్నే కొట్టిన గళ్ళలో ఎక్కడో ఒకటి.

రెండో రకం పొడవైనవి. ఇవి మొదట్లో లేవు, వారం పది రోజుల తర్వాత తేలాయి. ముక్కుల్లా పొడుచుకొచ్చిన రాళ్ళ మీదుగా, నిలువుగానో అడ్డంగానో, ఒక ముక్కు నుంచి ఇంకో ముక్కుకు పోతున్నాయి. ఆ ముక్కుల మీద రంధ్రం వేసి చూస్తే కాంక్రీటు మందం 35 నుంచి 40 మి.మీ., పక్క గుంతలో 150 దాటింది. మూడో రకం కొన్నే, కానీ నాకు ఎక్కువ ఆందోళన కలిగించినవి అవే. కింది వైపు వంగిన విల్లులా ఉండి, లోతైన గుంతల పైఅంచున ఉన్నాయి, వాటి కింద తడితే డొల్ల. గుంతను ఒకే దఫాలో నింపితే తడి కాంక్రీటు తన బరువుకు తాను కిందికి జారి పైన చిరిగిన గుర్తులవి. చిరుగు వెనక రాయికీ కాంక్రీటుకూ సందు ఏర్పడింది.

కొండ కదిలిందా?

పెద్దావిడ ప్రశ్నకు సమాధానం ఒక్క పరీక్షతో వచ్చేది కాదు. నాలుగైదు సాక్ష్యాలు ఒకే మాట చెబితేనే నమ్మాలి.

మొదటిది, పగులుకు రెండు పక్కలా మెట్టు ఉందా అన్నది. రాతి దిమ్మ జారుతుంటే పగులు తెరుచుకోవడమే కాదు, ఒక పక్క ముందుకో కిందికో వస్తుంది. గోడ మీద అడ్డంగా ఉక్కు స్కేలు ఆనించి కింద కాంతి పెట్టి చూశాం, ఎక్కడా మెట్టు లేదు. రెండోది, బోల్టుల తలలు. వెనక రాయి తోస్తుంటే ముఖపలకలు గిన్నెలా వంగుతాయి, వాటి చుట్టూ కాంక్రీటు నక్షత్రాకారంలో చిట్లుతుంది. పలకలు చదునుగానే ఉన్నాయి. మూడోది కొండ నెత్తి. జారే వాలు ముందు పైన బీటలిస్తుంది, అంచున మట్టి విడిపోతుంది, చెట్లు వాలతాయి. కాలనీ కుర్రాళ్ళతో పైకెక్కి పొదలు నరికించి మరీ చూశాం. అక్కడ పాత బీటలు రెండు ఉన్నాయి కానీ వాటిలో ఆకుచెత్త కుళ్ళి మట్టయింది, అంచులు మొద్దుబారాయి, కొత్త కదలిక లేదు.

నాలుగోది అన్నింటికంటే బలమైన సాక్ష్యం. పొడవైన పగుళ్ళకు ఇరువైపులా ఉక్కు మేకులు నాటి, వాటి మధ్య దూరాన్ని డయల్ గేజితో (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొలిపించాం. తెల్లవారేసరికి పగులు వెడల్పవుతుంది, మధ్యాహ్నానికి సన్నబడుతుంది, మళ్ళీ రాత్రికి వెడల్పు. కాంక్రీటు వేడికి వ్యాకోచించి పగులును మూస్తోంది, చల్లబడి తెరుస్తోంది. జారే కొండకు పగలు, రాత్రి తేడా ఉండదు, అది ఒక్క వైపే పోతుంది, పోయింది తిరిగి రాదు. మా కొలతల్లో పోయినంతా తిరిగి వస్తోంది. గాజు పలకలు కూడా అతికించాం. అవి పగిలాయి గానీ ఆ పగులు వెంట్రుకవాసి దాటలేదు. గాజు పగిలిందని కాలనీలో మళ్ళీ గగ్గోలు లేచింది. ఎండకూ చలికీ కదిలే పగులు మీద గాజు పెడితే పగలక మానదు. అది హెచ్చరిక చేస్తుందే తప్ప దిశ చెప్పదు. ఇలాంటి చోట గాజును నమ్ముకోవద్దని, మేకులూ గేజీ పెట్టమని నేను చెప్పేది అందుకే.

ఆఖరుది కోర్లు. ఒక పొట్టి పగులు మీదా, ఒక పొడవు పగులు మీదా 68 మి.మీ. కోర్లు తీశాం. మొదటి కోరులో పగులు పై నుంచి 25 మి.మీ. దాకా దిగి ఆగింది. దారిలో తగిలిన ప్రతి చిప్స్ రాయినీ చుట్టుకుని పోయింది, ఒక్కదాన్నీ విరవలేదు. సిమెంటు ముద్ద ఇంకా మెత్తగా ఉన్నప్పుడు పుట్టిన పగులు అలాగే ఉంటుంది, రాయిని విరిచే బలం అప్పుడు దానికి ఉండదు. రెండో కోరులో పగులు కాంక్రీటు మందమంతా దిగి, రెండు చిప్స్ రాళ్ళను సగానికి కోసింది. రాయి దగ్గరకు వచ్చి ఆగిపోయింది. ఆ కోరు అడుగున అంటుకుని వచ్చిన ఖొండలైట్ ముక్కలో పగులు లేదు. దాన్ని పట్టుకెళ్ళి పెద్దావిడ చేతిలో పెట్టి, "అమ్మా, ఇదిగో మీ కొండ, ఇదిగో మేం పూసిన కాంక్రీటు. పగిలింది ఇదీ, అది కాదు" అని వేలితో చూపించాను. ఆవిడ గోటితో గీత వెంట గీరి చూసి, తిప్పి చూసి, అప్పుడు ఒప్పుకున్నారు.

అయితే ఎందుకు పగిలింది

కాంక్రీటు ముడుచుకుంటుందని అందరికీ తెలుసు. షాట్‌క్రీట్ ఇంకా ఎక్కువ ముడుచుకుంటుంది. మామూలు కాంక్రీటు డిజైనుకు ఐ.ఎస్. 456 (కాంక్రీటు పనికి భారత ప్రమాణం) మొత్తం సంకోచాన్ని పదివేలకు 3 వంతులుగా తీసుకోమంటుంది. షాట్‌క్రీట్‌లో ఎండే సంకోచం పదివేలకు 6 నుంచి 10 వంతుల దాకా ఉంటుందని అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. కారణం దాని కూర్పులోనే ఉంది. గొట్టంలో పోవాలి కాబట్టి కంకర తక్కువ, ఇసుకా సిమెంటూ ఎక్కువ. పైగా కొట్టేటప్పుడు గోడకు తగిలి వెనక్కి రాలిపోయేదాంట్లో చిప్స్ వాటా పెద్దది. ప్లాంటులో కలిపిన నిష్పత్తి వేరు, గోడ మీద మిగిలిన నిష్పత్తి వేరు. సంకోచాన్ని నిలువరించేది కంకరే, అదే తగ్గిపోతుంది.

మూడు మీటర్ల పట్టీ పదివేలకు 6 వంతులు ముడుచుకుంటే 1.8 మి.మీ. లేత కాంక్రీటు సాగి తట్టుకోగలిగేది పదివేలకు ఒక వంతు, మహా అయితే ఒకటిన్నర. వెనక రాయి గట్టిగా పట్టుకుని ఉంది, ముడుచుకోనివ్వదు. ఇక పగలక ఏం చేస్తుంది? అందుకని అసలు పగలని షాట్‌క్రీట్ కావాలని షరతుల్లో రాయడం నాకు నచ్చదు. అంటుకున్న పట్టు బాగుండి, మెష్‌గానీ నారగానీ సరిగా ఉంటే ఆ 1.8 మి.మీ. ఎన్నో వెంట్రుక పగుళ్ళుగా పంచుకుపోతుంది, ఎవరికీ నష్టం లేదు. ఒకే చోట కూడితేనే నష్టం.

ఇంతవరకూ రెండో రకానికి వివరణ. ముక్కు మీద 40 మి.మీ. పొర త్వరగా ఎండి ముందే ముడుచుకుంటుంది, పక్కనున్న 150 మి.మీ. ముద్ద అంత త్వరగా ముడుచుకోదు. లాగుడంతా సన్నని చోటికి చేరుతుంది. దీనికి ఉష్ణోగ్రత తోడైంది. మధ్యాహ్నం మూడింటికి ఉపరితలం 52 డిగ్రీలు చూపించింది, తెల్లవారుజామున 29. పడమటి ముఖం కదా, సాయంత్రపు ఎండంతా దాని మీదే. కాంక్రీటు డిగ్రీకి పది లక్షలకు పది వంతుల చొప్పున కుంచించుకుంటుంది. 20 డిగ్రీలు దిగినా పదివేలకు రెండు వంతులు అవుతుంది, లేత కాంక్రీటు తట్టుకునే దానికంటే ఎక్కువ. అంటే మొదటి రాత్రి చల్లదనం ఒక్కటే పగులు పుట్టించగలదు.

కానీ గోడ నిండిన ఆ పొట్టి పగుళ్ళ కారణం వేరు, అది మొదటి రెండు మూడు గంటల్లోనే జరిగిపోయింది.

ఏప్రిల్ చివరి వారం. రోహిణి కార్తెకు ఇంకా నెల ఉండగానే పడమటి గాడ్పు మొదలైంది. రెడీమిక్స్ లారీలు ఆ ఇరుకు సందుల్లోకి వచ్చేసరికి పదకొండయ్యేది. కొట్టేది పదకొండున్నర నుంచి మూడింటి దాకా. వాతావరణ కేంద్రం లెక్కలతో ఈ వాలుకు పని లేదు, అందుకని గాలిని, తేమను గోడ ముందే కొలిచాం. గాలి గంటకు 20 కిలోమీటర్లు, నీడలో 40 డిగ్రీలు, తేమ 30 శాతం, నాజిల్ నుంచి వచ్చే కాంక్రీటు 36 డిగ్రీలు. తడి కాంక్రీటు నుంచి నీరు ఆవిరయ్యే వేగానికి పాల్ యూనో 1998లో సులువు చేసి ఇచ్చిన సూత్రంలో ఇవి వేస్తే చదరపు మీటరు నుంచి గంటకు 1.65 కిలోల నీరు ఆవిరవుతుంది. గంటకు ఒక కిలో దాటితే జాగ్రత్త పడమని పాత హెచ్చరిక. సిలికా ఫ్యూమ్ కలిపిన కాంక్రీటులో నీరు పైకి ఊరదు కాబట్టి అరకిలో దగ్గరే మేలుకోవాలి.

1.65 అంటే ఎంతో గోడ మీద పెట్టి చూద్దాం. 50 మి.మీ. పొరలో చదరపు మీటరుకు ఉన్న మొత్తం నీరే తొమ్మిదిన్నర కిలోలు. అదే వేగంతో రెండు గంటలు ఎగిరితే మూడోవంతు పోయినట్టు. పైపొర ఆరాక వేగం తగ్గుతుంది గానీ, ఆ ఆరడమే పగులు. వెనక నుంచి ఇంకో దోపిడీ. ఎండలో కాగిన ఖొండలైట్ పొడి రాయి, కొట్టే ముందు గాలితో దుమ్ము ఊదారే తప్ప తడపలేదు. ఆ సుద్ద పట్టీలు నీటిని బ్లాటింగ్ కాగితంలా పీల్చేస్తాయి. ముందు గాలి, వెనక రాయి, మధ్యలో రెండంగుళాల పొర.

నాజిల్ పట్టిన కుర్రాడు గుంతల్లో కాంక్రీటు జారుతోందని గట్టిపరిచే రసాయనాన్ని ఆరు శాతం నుంచి తొమ్మిది దాకా పెంచుకున్నాడు. రసాయనం ఎక్కువైతే వేడి ఎక్కువ పుడుతుంది, చివరి బలం తగ్గుతుంది. గుంతను రెండు మూడు దఫాలుగా నింపితే దాని అవసరమే రాదు. రోబో ఇసుకలో దుమ్ము కూడా ఎక్కువుంది. ప్లాంటులో నీళ్ళు ఎక్కువ కలిపారన్న అనుమానానికి మాత్రం ఆధారం దొరకలేదు. సిమెంటు పరీక్షలూ సరిగానే ఉన్నాయి. కూలీలు నీళ్ళు కొట్టడం మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టారు. వేడి, పొడి వాతావరణానికి ఐ.ఎస్. 456 అడిగేది కనీసం పది రోజుల క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం), సిలికా ఫ్యూమ్, బూడిద లాంటివి కలిస్తే పద్నాలుగు. ఆ పద్నాలుగు రోజులూ వాళ్ళు నిజంగానే కొట్టారు, ఖాతా పుస్తకంలో ఉంది. పొట్టి పగుళ్ళు మాత్రం అంతకు ముందు సాయంత్రమే పుట్టేశాయి.

ఏది మూశాం, ఏది వదిలాం

మరమ్మతులో అన్నింటికంటే కష్టమైంది, అన్నీ పూడ్చమని అడిగేవారిని ఆపడం. కాలనీవారికి గోడ నున్నగా కనిపించాలి, కాంట్రాక్టరుకు బిల్లు రావాలి, ఇద్దరికీ సిమెంటు పాలు పూసేస్తే సరిపోతుంది. నేను ఒప్పుకోలేదు.

పొట్టి పగుళ్ళ పైన ఎలాగూ రెండో పొర పడాలి. ఎక్కువ ఒత్తిడి నీటితో ఉపరితలాన్ని కడిగి, సడలినదంతా రాల్చి, అలాగే వదిలేశాం. డొల్ల మోగిన విల్లు పగుళ్ళ దగ్గర కాంక్రీటును రాయి దాకా చెక్కి తీసేసి మళ్ళీ దఫదఫాలుగా కొట్టాం. అక్కడ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ఎక్కిస్తే చాలదా అని అడిగారు. రాయికి అంటుకోని ముద్దను పగుళ్ళలో జిగురుతో నిలబెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు, కింద పిల్లలు ఆడుకుంటారు.

పొడవు పగుళ్ళను వెంటనే ముట్టుకోలేదు. ముడుచుకోవడం నెలల తరబడి సాగుతుంది. ఇవాళ గట్టి ఎపాక్సీతో పూడిస్తే దాని పక్కనే కొత్త పగులు వస్తుంది. మొదటి పొరలో ఉన్నవాటి మీద రెండో పొరకు అదనపు మెష్ ముక్క వేశాం. నీరు కారిన గుర్తు ఉన్న పగుళ్ళను అసలు మూయనివ్వలేదు. పగులు వెంట తెల్లటి చార దిగి ఉంటే వెనక నీరు ఉందని అర్థం. దారి మూస్తే వానాకాలంలో ఆ నీరు గోడ వెనక నిలిచి తోస్తుంది, అప్పుడు మనమే కొండను కదిలించినవాళ్ళం అవుతాం. అలాంటి ప్రతి చోటా పక్కన రాతిలోకి రంధ్రం వేసి గొట్టం పెట్టాం. అది నీళ్ళు పట్టుకున్నాకే పగులు సంగతి చూడాలన్నది నియమం.

మిగిలిన వాలు, మారిన పద్ధతి

మిగిలిన వాలుకు మిశ్రమంలో పెద్ద మార్పు చేయలేదు. సిలికా ఫ్యూమ్ ఎనిమిది నుంచి ఐదు శాతానికి తగ్గించి, రోబో ఇసుకలో సగం కృష్ణా ఇసుకతో మార్చి, ఘనపు మీటరుకు 900 గ్రాముల సన్నని పాలీప్రొపిలీన్ నార కలిపించాం. ఆ నార బరువు మోయదు, మొదటి గంటల్లో లేత ముద్దను చీలకుండా పట్టుకుంటుంది. అసలు మార్పు గడియారంలో వచ్చింది. ప్లాంటువారితో కూర్చుని లారీలు తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరేలా ఒప్పించాం. నాలుగున్నరకు కొట్టడం మొదలు, ఎనిమిదికి బంద్. ఆ వేళ 30 డిగ్రీలు, తేమ 70 శాతం, గాలి ఆరు కిలోమీటర్లు. అదే సూత్రం ఇప్పుడు గంటకు 0.28 కిలోలు చూపిస్తుంది, ఆరో వంతు. ఏ రసాయనమూ ఇంత మార్పు తీసుకురాలేదు. చుట్టుపక్కల ఇళ్ళవారికి కంప్రెషర్ మోతతో నిద్ర పాడైంది. సంఘం కార్యదర్శి ఇంటింటికీ వెళ్ళి నచ్చజెప్పారు, అది కూడా ఈ పనిలో భాగమే.

రాయిని ముందు రోజు సాయంత్రం, మళ్ళీ కొట్టడానికి అరగంట ముందు తడిపాం. పైన నీటి తళతళ ఉండకూడదు, లోపల దాహం ఉండకూడదు. గుంతలను ముందు విడిగా నింపి, ముక్కుల మీద మందం చూపే ఇనుప మేకులు నాటి, అవి మునిగేదాకా కొట్టించాం. నాజిల్ గోడకు నిటారుగా, మీటరు నుంచి మీటరున్నర దూరంలో ఉంచితే వెనక్కి రాలిపోయేది తగ్గుతుంది, చిప్స్ గోడలోనే ఉంటాయి. రసాయనం మీట దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాం, ఆరు దాటనివ్వకుండా.

క్యూరింగ్ దగ్గర చిక్కు వచ్చింది. 70 డిగ్రీల వాలు మీద నీళ్ళు నిలవవు, పైపుతో కొడితే పది నిమిషాల్లో ఆరిపోతుంది. పైన పూసే క్యూరింగ్ రసాయనం మొదటి పొర మీద పనికిరాదు, రెండో పొరను అంటుకోనివ్వదు. గోనె పట్టాలు కట్టాలి గానీ వాటిని తడిగా ఉంచేది ఎవరు? దారి చూపింది మా మేస్త్రీ. ఆయనకు గుంటూరు దగ్గర మిరప చేను ఉంది. "సార్, మిరపకు వేసే డ్రిప్పు పైపులు పైన కట్టేస్తే సరిపోదా? రాత్రంతా దానంతట అదే కారుతుంది" అన్నాడు. 16 మి.మీ. పైపు, అడుగుకో చుక్క రంధ్రం, ఒక్కో రంధ్రం గంటకు నాలుగు లీటర్లు. 20 మీటర్ల వరసకు గంటకు 260 లీటర్ల చిల్లర. బోల్టు తలలకు తీగ కట్టి పట్టాలు వేలాడదీశాం, పై అంచున ఒక వరస, నడుమ ఒక వరస పైపు. కొట్టిన అరగంట నుంచి పట్టాలు కట్టేదాకా మంచులా నీటి తుంపర చల్లే ఫాగర్లు, అవీ నర్సరీల వాళ్ళు వాడేవే. పద్నాలుగు రోజులూ పట్టా ఒక్కసారి కూడా ఆరలేదు. ట్యాంకరు ఖర్చు పాత పద్ధతికంటే తగ్గింది, ఎందుకంటే పైపుతో కొట్టిన నీళ్ళలో ఎక్కువ భాగం గోడను తాకి సందులోకి పోయేవి.

రెండో భాగంలో పొట్టి పగుళ్ళు దాదాపు లేవు. ఒక గడిలో మాత్రం లారీ ఆలస్యమై తొమ్మిదింటి తర్వాత కొట్టారు, ఆ గడిలో అవే ఏటవాలు గీతలు మళ్ళీ కనిపించాయి. ముక్కుల మీది పొడవు పగుళ్ళు పూర్తిగా పోలేదు, కానీ వెడల్పు 0.2 మి.మీ. దాటినవి అరుదు. నేలను ఆనుకున్న, తడి తగిలే భాగాలకు ఐ.ఎస్. 456 ఒప్పుకునే హద్దు అదే.

తర్వాతి వాన

జులై వానల్లో గొట్టాలన్నీ పారాయి, ఒక్క చోట తప్ప. పై వరసలో ఒక పొడవు పగులు దగ్గర మేకుల మధ్య దూరం పొద్దునా మధ్యాహ్నమూ తేడా లేకుండా మెల్లగా పెరగసాగింది. అంతకుముందు ఏ కొలతలోనూ చూడని తీరు అది. పగులు వెంట కొత్తగా తెల్ల చార దిగింది. మేస్త్రీ, నేను ఆ వానలోనే పైకెక్కి దగ్గర్లోని గొట్టం చూశాం. సుద్దమట్టి లోపల గట్టకట్టి పూడుకుపోయింది. దాన్ని పొడిచి తీయడం కుదరకపోవడంతో పక్కన మీటరున్నర లోతుకు కొత్త రంధ్రం వేయించాం. రంధ్రం వేసే కడ్డీ బయటికి రాగానే బురద నీళ్ళు మణికట్టంత లావున దూకాయి, గంటసేపటికి తేటబడ్డాయి. ఆ వారం మేకుల కొలత పెరగడం ఆగి, మళ్ళీ పగలు మూసుకుని రాత్రి తెరుచుకునే పాత పద్ధతికి వచ్చింది. ఇప్పుడు గొట్టాల్లో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) చుట్టిన చిల్లుల పైపులు దింపాం. కొలతల పుస్తకం సంఘం దగ్గరే ఉంది, వానాకాలంలో వారానికోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి కాలనీ కుర్రాళ్ళే గేజీ పెట్టి రాస్తున్నారు. రెండు పొద్దుల కొలతా ఒకే వైపు పెరిగితే నాకు ఫోను చేయాలని, అంతదాకా రాత్రి ఎవరూ ఇల్లు ఖాళీ చేయనక్కరలేదని పుస్తకం మొదటి పేజీలో రాయించాను.